టిక్కీ కింద పచ్చ నరం

దమ్ముంటే నమ్ము. నమ్మవని తెలుసు, అయినా చెప్తున్నా.

ఆ రోజు పొద్దున్నే దావీదు MRI మిషన్లో నిలబడున్నాడు. అవును, నిలబడే. పడుకోబెట్టే మిషన్లు మన తాతల టైంలో పోయాయి. దావీదు మిర్చి యార్డులో హమాలీ. ఇరవై రెండేళ్లుగా టిక్కీలు మోస్తున్నాడు. టిక్కీ అంటే మిరపకాయల బస్తా, ఒక్కోటి నలభై కేజీల పైనే.

నాలుగేళ్ల నుంచి అతనికి నడుం దగ్గర్నుంచి ఎడమకాలి బొటనవేలి దాకా కరెంటు కొట్టినట్టు నొప్పి. తమాషా ఏందంటే, మోసేటప్పుడు రాదు. దించి నిటారుగా నిలబడ్డాడా, వచ్చేస్తది. ముఠాలో ఎవడు నమ్ముతాడు చెప్పు?

"మోసేటప్పుడు రాని నొప్పి ఖాళీగా నడిచేటప్పుడు వస్తదంట!" అనేవాడు మేస్త్రి బుల్లబ్బాయి, అందరూ వినేలా. "ఏ నాటకం కంపెనీలో నేర్చావురా దావీదూ?"

అందరూ నవ్వేవాళ్లు. దావీదు కూడా నవ్వేవాడు. నవ్వి, లారీ డోరు పట్టుకుని వంగేవాడు.

అందుకే ఆ రోజు అతనికి కావాల్సింది ఒక్కటే, ఎర్ర చీటీ. అది వస్తే మోత బంద్. ఆపరేషన్ యార్డు కమిటీయే చేయిస్తది, ఆ తర్వాత కూర్చుని బస్తాలు కుట్టుకోవడమే. వీటన్నిటికంటే ముందు, ఆ వెధవలు నమ్ముతారు.

మిషన్ సంగతి సింపుల్. పాత MRI ఎముకనీ డిస్కునీ చూపించేది. నరం నలిగిందా లేదా అన్నది డాక్టర్ ఊహించుకోవాలి. ఇది నరం లోపల నీళ్లు ఎటు కదుల్తున్నాయో పట్టేస్తది. నరమంటే సన్న దారాల కట్ట. నీళ్లు దారం వెంబడి సాఫీగా పోతే స్క్రీన్ మీద పచ్చ. ఎక్కడైనా నొక్కుకుపోతే చెల్లాచెదురైపోతాయి, అక్కడ ఎరుపు. అంతే.

దాన్ని తయారు చేసింది డాక్టర్ వైదేహి. హమాలీలకి పడుకోబెట్టి కాదు, వీపు మీద మూట పెట్టి స్కాన్ తీయాలని కమిటీతో రెండేళ్లు కొట్లాడింది. ఆమె మాటే రూల్ అయింది. మూట కింద తీసిన స్కాన్ బట్టే చీటీ.

బస్తాలు లాగే ఇనప కొక్కెం బయట పెట్టించి, వీపు మీద ఇసక మూట పెట్టారు.

"రోజూ ఎలా మోస్తారో అలాగే నిలబడండి దావీదు గారూ."

"అలవాటేగా డాక్టరమ్మా." వంగి నిలబడ్డాడు.

స్క్రీన్ మీద పచ్చ. పైనుంచి కిందకి, మచ్చ లేకుండా పచ్చ.

"అమ్మా, మా పిల్లల మీద ఒట్టు. నేను అబద్ధం చెప్పట్లా."

"మూట తీసేయండి," అంది డాక్టర్ హెల్పర్లతో. "ఇప్పుడు నిటారుగా నిలబడండి. నొప్పొచ్చినా కదలొద్దు."

వచ్చింది. పళ్లు బిగపట్టాడు. స్క్రీన్ మీద నడుం దగ్గర దారాలు ఒక్కొక్కటే ఎర్రబడ్డాయి.

"చూశారా!" డాక్టర్ కుర్చీలోంచి లేచింది. "నిలబడితే వెన్నుపూసలో సందు ఇరుకైపోతోంది. వంగితే తెరుచుకుంటోంది. మూట కింద వంగుతారుగా, అప్పుడే మీ నరానికి ఊపిరాడుతోంది."

"అంటే నా నొప్పి నిజమేనా?"

"నూటికి నూరు పాళ్లు."

దావీదు ఏడ్చేశాడు. "ఏడవకండి, బొమ్మ చెదిరిపోద్ది," అంది ఆమె.

ప్రింటర్లోంచి చీటీ వచ్చింది. పచ్చది. 'మూటతో: ఫిట్. మూడేళ్ల దాకా చెల్లుతుంది.'

ఆమె చీటీ పట్టుకుని కమిటీ ఆఫీసుకి పరిగెత్తింది. గుమస్తా తలెత్తలేదు. "మూట లేని స్కాన్ లెక్కలోకి రాదు మేడం. ఆ రూల్ రాయించింది మీరేగా?"

ఆమె రెండు స్కాన్ల బొమ్మలూ ప్రింటు తీయించి దావీదు చేతిలో పెట్టింది.

యార్డులో బుల్లబ్బాయి మాత్రం ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దావీదు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"తప్పయిపోయిందిరా. ఇన్నాళ్లూ నీ ఉసురు పోసుకున్నాం."

ఆ సాయంత్రం తనే కూర్చుని ఒక గోతాంలో ఊక పోసి కుట్టాడు. లారీ దగ్గర్నుంచి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే కదా నొప్పి, ఆ తిరుగుదారిలో దావీదు మోసుకోవడానికి. ముఠా అంతా తలా ఒక చెయ్యి వేసింది. ఎవడూ నవ్వలేదు. పోయేటప్పుడు టిక్కీ, వచ్చేటప్పుడు ఊక మూట. నొప్పి లేదు. దావీదు వద్దనలేకపోయాడు, అంత ప్రేమగా కుట్టారు మరి.

నాలుగో రోజు ఊక మూట ఇంటిదాకా వచ్చింది. బజార్లో అందరూ చూస్తుండగా వంగి నడిచొచ్చాడు.

"దించు," అంది వాళ్లావిడ సలోమి, గుమ్మంలోనే.

"కాసేపాగు."

"ఊరికే వంగి నడవచ్చుగా, ఈ మూటెందుకు?"

"ఊరికే వంగితే మళ్లీ నాటకం అంటారే. మూటుంటే హమాలీ అంటారు."

సలోమి లోపలికెళ్లి చాకు తెచ్చింది. మాట్లాడకుండా కుట్టు కోసేసింది. ఊకంతా వాకిట్లో పడింది. దావీదు మాత్రం లేవలా. ఖాళీ గోతాం రెండు చేతుల్తో వీపు మీద పట్టుకుని అలాగే వంగి ఉన్నాడు. "లే," అంది ఆమె. "లేవయ్యా," అని భుజం పట్టుకుని ఇట్లా పైకి లేపబోతే...

ఆఁ అమ్మా, వస్తున్నా! ఉండరా, మా అమ్మ పిలుస్తోంది, మిగతాది వచ్చి చెప్తా.