గడువు నిండని గుడ్లు

“ఎవులు తవ్వినారిది?... సెప్పండి, ఎవులు తవ్వినారు!”

చిన్నతల్లి అరుపుకి ఇసుకలో కూర్చుని టీ తాగుతున్న అతిథులంతా ఉలిక్కిపడ్డారు. నలభై రోజులుగా నక్కలు రాకుండా, కుక్కలు రాకుండా ఆమె వల కంచె కట్టి కాసిన తాబేలు గూళ్లలో ఒకటి తెరిచి ఉంది! చీల్చిన గుడ్లలో, బొడ్డు దగ్గర పచ్చసొన ఇంకా వేలాడుతున్న పిల్లలు గిలగిలా కొట్టుకుంటున్నాయి... పక్కనే ఆమె మొగుడు కూర్మయ్య. చేతుల నిండా తడి ఇసుక.

“ఏటి సెయ్యమంటావే?” గొణిగాడతను. “టీచరమ్మ రాజాం నుంచి ఇంతమంది ఆడపిల్లల్ని తెచ్చింది. మూడు రోజులు కాసుకున్నా ఒక్క పిల్లా పైకి రానేదు. ఉట్టినే పంపేస్తే మళ్లీ ఏడు మన గడప తొక్కుతారేటి?”

అయిదేళ్లుగా లక్ష్మీనరసమ్మ టీచరు తన కాలేజీ పిల్లలతో ఈ ఇంట్లోనే దిగేది. తాబేలు పిల్లలు సముద్రంలోకి పాకిపోవడం చూసి, చిన్నతల్లి పెట్టిన చేపల పులుసు తిని వెళ్లేది. ఫైలిన్ తుపానుకి ఇంటికప్పు ఎగిరిపోయిన ఏడు కూడా టార్పాలిను కింద పడుకున్నారే గానీ రావడం మానలేదు! అలాంటివాళ్లకా ఈ మోసపు ఆట చూపించడం?

చిన్నతల్లికి ఒళ్లు భగ్గుమంది.

“మావా! ఏడో నెలలో పుట్టి పోయిన మన పిల్లని ఈ ఇసకలో కప్పెట్టింది నీ సేతులే కాదేటి? నెలలు నిండని ఊపిరి ఎలగ కొట్టుకుంటాదో నువ్వు సూడనేదా?... సూసి కూడా సీల్చినావా!”

కూర్మయ్య తల వాలిపోయింది.

“ఒసే, నోర్ముయ్! పదిమందిలో మొగుణ్ణి తిడతావేటి?” అత్త మరిడమ్మ గుడిసె ముందు నుంచి కేకేసింది.

“తిడతాను అత్తా! ఈయేల ఊరుకుంటే నా నోరు పడిపోతాది!” అని అతిథుల వైపు తిరిగింది చిన్నతల్లి. “అమ్మా, సూపించడానికి మా కాడ ఏటీ నేదు. ఫొటోలు తియ్యకండి... ఎల్లిపోండి!”

టీచరు పిల్లల్ని బండెక్కించుకుని వెళ్లిపోయింది. ఇంటికొచ్చినవాళ్లని నోటి దురుసుతో తరిమేసిందని మరిడమ్మ వీధంతా చాటింది. కూర్మయ్య పెళ్లాంతో మాట మానేశాడు. చిన్నతల్లి మిగిలిన గూళ్ల పక్కనే ఎండలో కూర్చునేది, పళ్లు బిగించి.

పన్నెండో నాడు ఫోను మోగింది. వల బాగుచేస్తున్న కూర్మయ్య చెవి రిక్కించాడు.

“చిన్నతల్లీ, పిల్లలు పైకొస్తున్నాయా?” టీచరు గొంతు!

“రేపో ఎల్లుండో అమ్మా... మాటివ్వనేను.”

“మాట అడగలేదుగా! లేనిది లేదని చెప్పి పొమ్మన్నావు చూడు, నాకదే చాలు. ఈసారి రెండు బళ్లలో వస్తున్నాం. అవి వచ్చేదాకా కూర్చుంటాం.”

ఫోనొచ్చిన మూడో నాడు పొద్దున, రెండు బళ్లవాళ్లూ చూస్తుండగా ఇసుక కదిలింది. ఒక ముక్కు, ఒక రెక్క... ఆపైన పుట్ట పగిలినట్టు పిల్లలు! ఆడపిల్లలు ముందుకి తోసుకురాబోతే కూర్మయ్య చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

“ఎనక్కమ్మా, ఎనక్కి! ముట్టుకోకండి. ఆటి టైముకి అవే వస్తాయి... తొందరపడి నేను సేసిన పాపం సాలు!”

అందరి ముందూ అలా అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చిన్నతల్లి విన్నది. కోపం పోలేదు... అంత తేలిగ్గా పోయే కోపమా అది! అయినా రెండు వారాల తర్వాత మొదటిసారి అతన్ని పిలిచింది.

“మావా, గంజి పోసినాను. తాగుదువు రా.”