యోరిస్‌కి ఒక ప్లేటు

మంగళవారం ఉదయం ఎనిమిదింటికి అన్నెలోర్ ఇంటి ముందు గదిలో ఉన్న తన సెలూన్ తలుపు తీసేసరికి గడప మీద ఒక ప్లేటు కనిపించింది. నీలం పువ్వుల పాత పింగాణీ ప్లేటు. దాని మీద ఒక చీటీ: "యోరిస్‌కి. ఏ అలమారలో పెట్టుకున్నా ఫరవాలేదు."

అన్నెలోర్ ఆ చీటీ రెండుసార్లు చదివింది. వీధి అటూ ఇటూ చూసింది. ఎదురింటి కిటికీ తెర కదిలి ఆగింది. ఆమె ప్లేటుని లోపలికి తీసుకెళ్లి, తువ్వాళ్ల గుట్ట వెనకాల దాచి, రోజూలాగే కాఫీ పెట్టింది.

ఆదివారం సాయంత్రం టీవీలో ఆమె భర్త యోరిస్ మీద గంటసేపు డాక్యుమెంటరీ వచ్చింది. యోరిస్ పద్నాలుగేళ్లుగా సైకిల్ పందేల్లో ఉన్నవాడు. ఒక్క పందెం కూడా గెలవలేదు. గెలవడం అతని పని కాదు. జట్టు నాయకుడికి గాలి తగలకుండా ముందు తొక్కడం, వెనకొచ్చే కారు దగ్గర నీళ్ల సీసాలు తీసుకుని చొక్కా నిండా దోపుకుని అందరికీ పంచడం, ఆఖరి పది కిలోమీటర్లలో ఊపిరి అయిపోయి పక్కకి తప్పుకోవడం, ఇదీ అతని ఉద్యోగం. అలాంటివాడి మీద కూడా ఏడాదిపాటు కెమెరా తిప్పారంటే బెల్జియంలోని మా వెస్ట్ ఫ్లాండర్స్‌లో సైకిలంటే ఏమిటో మీకే తెలుస్తుంది. అతని అభిమాన సంఘానికి నిలయమైన ఎతియెన్ కెఫేలో వందమందికి పైగా ఇరుక్కుని చూశాం. యోరిస్ మాత్రం ఇటలీలో సీజను చివరి పందేల్లో ఉన్నాడు.

నలభై నిమిషాలు నవ్వులే నవ్వులు. ఆ తర్వాత సీనులో యోరిస్ మాలిష్ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. తెల్లటి పాదాలు తప్ప మనిషి కనపడడు. పందేలు మానేశాక ఏం చేస్తారని అడిగారు. బల్ల మీంచి గొంతు వినిపించింది: "ఇంట్లో నేను చుట్టాన్ని. ప్లేట్లు ఏ అలమారలో ఉంటాయో కూడా నాకు తెలీదు. నేను లేకపోయినా వాళ్లకి అన్నీ బాగానే జరుగుతున్నాయి. మానెయ్యాలంటే భయంగా ఉంది."

వెంటనే జట్టు మేనేజరు తెర మీదికి వచ్చి, యోరిస్‌ని ఇంకో ఏడాది ఉంచుకుంటున్నామనీ, ఇంకో ఎనిమిది రోజుల్లో అతను సంతకం పెట్టడమే మిగిలిందనీ చెప్పాడు. ఇదే ఆఖరి సీజనని యోరిస్ వసంతంలోనే పెళ్లానికి మాటిచ్చాడు. ఆ సంగతి కెఫేలో అందరికీ తెలుసు. తలలన్నీ అన్నెలోర్ వైపు తిరిగాయి. ఆమె గ్లాసులో మిగిలిన బీరు తాగేసి, ఆడపిల్లలిద్దరికీ కోట్లు తొడిగి ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు సోమవారం, సెలూన్‌కి సెలవు గనక ఎవరికీ మొహం చూపించలేదు.

మంగళవారం తప్పించుకోవడం కుదరలేదు. వచ్చినవాళ్లందరికీ అదే మాట. ఒకావిడ తన కళ్లలో నీళ్లు ఆగలేదంది. ఇంకొకావిడ తలకి రంగు వేయించుకుంటూ, పాపం మగాడికి ఇంట్లో కాస్త చోటు ఇవ్వాలమ్మా అని నెమ్మదిగా బోధించింది. మందుల షాపు ఆవిడ యోరిస్ పక్షం. బడి పంతులమ్మ అన్నెలోర్ పక్షం. ఇద్దరికీ ఒకేసారి తల కడగాల్సి వచ్చింది. అన్నెలోర్ ఎవరికీ జవాబు చెప్పలేదు గానీ, ఆ రోజు జుట్టు కత్తిరించుకున్నవాళ్లందరికీ అనుకున్న దానికంటే వేలెడు పొట్టి అయిన మాట నిజం.

డ్రయ్యర్ కింద కూర్చున్న ఆమె తల్లి గోదలీవ్ మాత్రం పత్రిక తిప్పుతూ ఉండిపోయింది. అందరూ వెళ్లాక తల బయటికి పెట్టింది.

"అందరూ ఏడ్చారటే. నేను మాత్రం నవ్వాను. మీ నాన్న చచ్చేదాకా చెంచాల డ్రాయరు కనిపెట్టలేదు. దానికి ఒక్కనాడైనా భయపడ్డాడా? ఈ అబ్బాయి భయపడుతున్నాడు. అదే నయం."

"నాకు చెప్పి భయపడొచ్చుగా," అంది అన్నెలోర్.

బుధవారానికి ప్లేట్లు పదిహేడయ్యాయి. కొన్ని గడప మీద, కొన్ని కిటికీ మీద, ఒకటి ఏకంగా ఆమె సైకిలు బుట్టలో. అబద్ధం ఎందుకు, అంచు విరిగిన పచ్చ ప్లేటు నేను పెట్టిందే. సరదాకి పెట్టాను. ఆమెకి అది ఎలా తగులుతుందో ఆలోచించలేదు. దేశం నలుమూలల నుంచి పోస్టులో రావడం మొదలయ్యాక పోస్టుమాన్ గంట కొట్టి, తలొంచుకుని, పెట్టె చేతిలో పెట్టి పోయేవాడు. దేశానికి అటు చివరున్న లింబర్గ్ నుంచి ఒక ముసలావిడ ఉత్తరం కూడా రాసింది. ఆమె భర్త ముప్పై ఏళ్లు లారీ నడిపాడట. ఉద్యోగం అయిపోయి ఇంటికొచ్చిన మొదటి నెలంతా వంటింట్లో అడ్డంగా నిలబడ్డాడట. తర్వాత సూప్ చెయ్యడం నేర్చుకున్నాడు, ఇది ఆయన ప్లేటు, ఇక నాకు ఒక్కటి చాలు అని రాసింది. అన్నెలోర్ ఆ ఉత్తరాన్ని మడిచి కత్తెరల డ్రాయరులో పెట్టుకుంది.

పిల్లలకి ఇదంతా పండగలా ఉంది. పెద్దది మార్తె, చిన్నది నోర్ కలిసి వంటింట్లో ప్రతి అలమార మీదా చీటీలు అంటించారు. ప్లేట్లు. గ్లాసులు. మూకుళ్లు. ఫ్రిజ్ మీద 'ఫ్రిజ్, లోపల చల్లగా ఉంటుంది' అని రాశారు.

గురువారం మధ్యాహ్నం యోరిస్ ఇటలీ నుంచి వచ్చాడు. నడవలో గోడ పొడుగునా ప్లేట్లు చూసి సంచీ దించకుండానే నిలబడిపోయాడు. ఆ తర్వాత జరిగింది అన్నెలోరే నాకు తర్వాత చెప్పింది, నా జుట్టు కత్తిరిస్తూ.

"ఇవన్నీ ఏంటి?"

"నీకే. యాభై మూడు. ఇంట్లో నీకు ప్లేటు పెట్టడం లేదని లోకానికి తెలిసిపోయింది కదా."

"నేను అలా అన్లేదు."

"ఏమన్నావో నాకు కంఠతా వచ్చు, యోరిస్. ఊళ్లో పసిపిల్లలకీ వచ్చు. తొమ్మిది లక్షల మంది చూశారని పేపర్లో వేశారు. నేను తొమ్మిది లక్షల ఒకటోదాన్ని."

యోరిస్ వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. "బోర్లా పడుకున్నాను. నేల తప్ప ఏమీ కనపడలేదు. ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు. అందుకే నోరు వచ్చింది. నీ ఎదురుగా రాలేదు."

"అయితే ఇన్నేళ్లూ నేను వెనక్కి తిరిగి నిలబడాల్సింది అన్నమాట. సంతకం సంగతేంటి?"

"పెట్టలేదు. పెట్టనని చెప్పనూ లేదు."

"నాకు మాటిచ్చావు."

"ఇచ్చాను. ఇచ్చిన దగ్గర్నుంచీ నిద్ర లేదు."

"ఎందుకు? నేనంత గయ్యాళినా?"

యోరిస్ కాసేపు అలమార మీద చీటీలు చదువుతూ కూర్చున్నాడు. "మార్తె పుట్టిన ఏడు చలికాలం మూడు నెలలు ఇంట్లో ఉన్నాను, గుర్తుందా? నేను కప్పులు కడిగితే నువ్వు మళ్లీ కడిగేదానివి. నేను సర్దితే మళ్లీ సర్దేదానివి. ఏమీ అనేదానివి కాదు. నవ్వుతూనే సర్దేదానివి. నేను ముట్టుకోకపోతేనే నీకు సుఖం అనుకున్నాను."

అది నిజమని అన్నెలోర్‌కి తెలుసు. సెలూన్లో దువ్వెనలు కూడా పొడుగు వరసన ఉండాలి ఆమెకి. లేకపోతే చెయ్యి ఊరుకోదు. కోపం ఇంకా ఉంది, దాని పక్కనే సిగ్గు వచ్చి కూర్చుంది. ఆ రెంటితో ఏం చెయ్యాలో తెలియక, కస్టమర్ వచ్చే టైమైందని సెలూన్‌లోకి వెళ్లిపోయింది. శుక్ర, శనివారాలు ఇద్దరూ పిల్లల గురించీ వర్షం గురించీ మాత్రమే మాట్లాడుకున్నారు.

ఆదివారం మధ్యాహ్నం అభిమాన సంఘం ఏటా పెట్టే విందు. మా ఊరి హాలు కప్పు బాగు చేస్తున్నందున పక్క ఊరి హాల్లో పెట్టారు. బీరులో ఉడికించిన గొడ్డుమాంసం, వేయించిన బంగాళాదుంపలు, రెండొందల మంది. ప్లేట్లు తక్కువ పడేలా ఉన్నాయని కెఫే యజమాని ఎతియెన్ శనివారం గొణిగాడు. అన్నెలోర్ అతన్ని నడవలోకి తీసుకెళ్లి చూపించింది. అలా ఆదివారం పొద్దున్న యాభై మూడు ప్లేట్లూ కారెక్కాయి. పిల్లలు వాటి మధ్యన కూర్చున్నారు. స్టీరింగు దగ్గర గోదలీవ్ కూర్చుంది. ఇక చోటు లేదు.

"మీరిద్దరూ సైకిళ్ల మీద రండి," అంది గోదలీవ్, ముందే అనుకున్నట్టు. కారు కదిలింది.

కాలవ గట్టు మీద ఏడు కిలోమీటర్లు. నైరుతి గాలి మొహాన కొడుతోంది. అన్నెలోర్‌ది బజారుకి వెళ్లే బరువు సైకిలు. రెండో కిలోమీటరుకే ఆమెకి రొప్పు వచ్చింది. యోరిస్ ముందుకి వెళ్లి, ఎడం చెయ్యి వెనక్కి చాచి, ఇటు రా అన్నట్టు చూపించాడు. ఆమె అతని చక్రం వెనక్కి చేరింది. ఉన్నట్టుండి చెవుల్లో హోరు ఆగిపోయింది. కాళ్లు తేలికయ్యాయి.

"ఎలా ఉంది?" అన్నాడు తల తిప్పి.

"గాలి ఆగిపోయింది."

"ఆగలేదు. నా దగ్గరుంది."

పద్నాలుగేళ్లుగా ఆమె అతని పందేలు టీవీలో చూస్తూనే ఉంది. అతని వెనకాల ఉండటం ఎలా ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది. ముందు అతని వీపు గాలికి వంగి ఉంది. జ్వరాలు, బడి, సెలూన్, తుఫానుకి పెంకులు ఎగిరిపోయిన రోజు, అన్నిటికీ తానొక్కతే ఎదురు నిలబడ్డానని ఆమె ఇన్నాళ్లూ గర్వపడింది. అలిసిపోయింది కూడా. ఆమెకి కన్నీళ్లు వచ్చేశాయి.

"ఇంట్లో ఎప్పుడూ నేనే ముందు తొక్కాను, యోరిస్," అంది గట్టిగా, అతనికి వినపడేలా. "వెనక్కి తిరిగి చూడ్డం కూడా మానేశాను."

"నేను వెనకాలే ఉన్నాను. మా పందేల్లో ముందున్నవాడు అలిసిపోతే మోచెయ్యి ఊపుతాడు. అప్పుడు వెనకవాడు ముందుకొస్తాడు. నువ్వు ఎప్పుడూ ఊపలేదు."

అన్నెలోర్ హ్యాండిలు మీద నుంచి చెయ్యి తీసి మోచెయ్యి ఊపింది. సైకిలు వంకర పోయి కాలవలో పడబోయింది.

"వెనకున్నవాళ్లు ఊపకూడదు," అన్నాడు యోరిస్ నవ్వుతూ.

"నా ఇష్టం. ఊపాను, చూశావుగా. ఇక ముందుకి రా."

అతను రెండుసార్లు ముక్కు తుడుచుకున్నాడు. చలికే అయి ఉంటుంది. హాలు కనిపించాక అన్నాడు: "రేపు పొద్దున్నే మేనేజరుకి ఫోన్ చేస్తాను. వద్దని."

ఆ రోజు విందులో యోరిస్ ఒక్క నిమిషం కూర్చుంటే ఒట్టు. ఒక్కో చేతిలో నాలుగేసి ప్లేట్లతో బల్లల మధ్య తిరుగుతూనే ఉన్నాడు. పద్నాలుగేళ్లు సీసాలు మోసినవాడికి అదొక లెక్కా. సోమవారం ఫోన్ చేశాడు. తర్వాత ప్లేట్లన్నీ ఒక్కడే కడిగి, తుడిచి, వంటిల్లంతా తనకి నచ్చినట్టు సర్దుకున్నాడు. అన్నెలోర్‌ని వంటింట్లోకి రానివ్వలేదు.

మంగళవారం పొద్దున్న నేను సెలూన్లో తల నిండా నురగతో కూర్చుని ఉన్నాను. గోదలీవ్ డ్రయ్యర్ కింద ఉంది. మాకు బిస్కెట్లు పెడదామని అన్నెలోర్ వంటింట్లోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది గనక అంతా కనిపిస్తోంది. ఒక అలమార తెరిచింది. కప్పులు. ఇంకొకటి తెరిచింది. మూకుళ్లు, వాటి మీద గ్లాసులు. పిల్లలు అంటించిన చీటీలు ఒక్కటీ లేవు. ఒక గ్లాసు మీదికి ఆమె చెయ్యి వెళ్లింది. అక్కడే ఆగింది. మళ్లీ కిందికి వచ్చేసింది.

"యోరిస్," అని పెరట్లోకి కేకేసింది, "ప్లేట్లు ఎక్కడ?"

పెరట్లో సెలూన్ తువ్వాళ్లు ఆరేస్తున్న యోరిస్ చేతిలో తువ్వాలుతోనే లోపలికి వచ్చాడు. "నువ్వుండు, నేను తీస్తాను," అన్నాడు. సింకు కింద అర తెరిచి, అన్నిటికంటే పైనున్న ప్లేటు తీసి ఆమెకి ఇచ్చాడు. అంచు విరిగిన పచ్చ ప్లేటు.

డ్రయ్యర్ కింద గోదలీవ్ కళ్లు తుడుచుకుంటోంది. వేడి గాలికి అని చెప్పింది. నా కళ్లకి మాత్రం నురగ తగిలింది.