నిప్పు చూపని డోలు

ఆంథోనిని పట్టపగలు, ఖమ్మం నడిబొడ్డున, ఒక కుట్టుసూదితో చంపారు.

జరీ దారాలు అమ్మే సేల్స్‌మన్ వేషంలో అతను ఫ్లోరెన్స్ బొటిక్‌లోకి వెళ్లాడు. మళ్లీ బయటికి రాలేదు. పోలీసులు వచ్చేసరికి మగ్గం మీద బోర్లా పడి ఉన్నాడు. మెడ వెనక దిగబడిన ఆరీ సూదికి విషం పూసి ఉంది. గుప్పిట్లో చిన్న మేకతోలు ముక్క, దాని అంచున బంగారు జరీ కుట్టు ఉన్నాయి.

ఆ గుప్పిట విప్పింది ఏజెంట్ షాలేమ్‌రాజు. అతనూ ఆంథోనీ ఒకే ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంటు, ఇద్దరిదీ వేంసూరే. ఒకడు ఆర్.సి.ఎం., మరొకడు ప్రొటెస్టెంటు. ఎవరి స్వర్గంలో భోజనాలు బాగుంటాయని పదేళ్లుగా వాదించుకుంటున్నారు. ఆ వాదన తేలకుండానే ఆంథోని ముందు వెళ్లిపోయాడు. షాలేమ్‌కి ఏడుపు రాలేదు. కడుపులో మంట మాత్రం భగ్గున లేచింది, మళ్లీ ఆరలేదు.

“మా షాపులో ఇలా జరిగిందంటే నాకే నమ్మకం కుదరట్లేదు,” అంది ఫ్లోరెన్స్ కళ్లు తుడుచుకుంటూ. ఏడ్చినా కాటుక చెదరని ఆడవాళ్లలో ఆమె ఒకతె. “ఇద్దరు మగాళ్లు బండి మీద వచ్చారు. నేను పైన ఉన్నాను.”

ఊరివాళ్లకు ఆమె చీరల డిజైనర్. డిపార్ట్‌మెంటుకు మాత్రం ఏజెంట్ ‘కోయిల’. డెల్వో అనే విదేశీయుడు నడిపే గూఢచారి ముఠాలో చేరి, రెండేళ్లుగా అక్కడి సమాచారం ఇక్కడికి చేరవేస్తోంది. ఇక్కడి సమాచారం అక్కడికి చేరవేస్తోందేమోనని ఆంథోనికి అనుమానం. ఆ అనుమానంతోనే షాపులో అడుగుపెట్టాడు.

*

ఆ సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో చీఫ్ ప్రభాకర్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

“డెల్వో పంపిన మెసేజ్‌లో ఒక్క మాటే డీకోడ్ అయింది. టాంబూర్. ఫ్రెంచి మాట. డోలు అని అర్థం. బట్ట బిగించి కుట్టుపని చేసే గుండ్రటి చట్రాన్ని కూడా అదే మాటతో పిలుస్తారట. బిగించిన డోలు తోలులాగే బట్ట బిగిసి ఉంటుంది కదా, అందుకని. ఢిల్లీలో కోడ్‌లు విప్పే సైఫర్ వాళ్లు రెండు పార్టీలైపోయారు. డోలని సగం మంది, చట్రమని సగం మంది.”

“కొట్లాట ఎందుకు సార్? రెండూ నిజమే.” షాలేమ్ తోలుముక్కను బల్ల మీద పెట్టాడు. “ఆమె మగ్గానికి పట్టు బిగించలేదు, మేకతోలు బిగించింది. తోలు మీద జరీ కుట్టింది. రేపు భద్రాచలంలో ముగ్గురు విదేశీ రాయబారుల ముందట గూడెమోళ్ల కొమ్ము డాన్స్ ఉంది. వాళ్లకు కొత్త డోలు గిఫ్ట్ ఇస్తున్నదెవరు? ఫ్లోరెన్సే.”

“ప్రూఫ్?”

“ఆంథోని.”

“చనిపోయినవాడు సాక్ష్యం చెప్పడయ్యా. కోయిల మన బెస్ట్ అసెట్. డోలును స్కానర్‌లో పెడదాం. నువ్వు మాత్రం ఆమెను ముట్టుకోవద్దు. ఇది ఆర్డర్.”

షాలేమ్ సెల్యూట్ కొట్టాడు. ఆర్డర్ చెవిలోకి వెళ్లింది, మనసులోకి వెళ్లలేదు. దాన్ని చంపాలి. ఆంథోని పేరు దాని నోటితోనే చెప్పించి మరీ చంపాలి. ఇంకో కోరిక లేదతనికి.

*

మర్నాడు ఇల్లెందు దాటి, టేకులపల్లి అడవిలోంచి జీపు పోతోంది. టీవీ కెమెరామన్ వేషంలో షాలేమ్ నడుపుతున్నాడు. పక్కన ఫ్లోరెన్స్, వెనక సీట్లో పట్టుగుడ్డ చుట్టిన డోలు.

“గోదారి ఎంత ఎత్తుంది?” అన్నాడతను, కోడ్ ప్రకారం.

“పడవ విప్పేంత.” ఆమె నవ్వింది. “ఇంకా నన్ను నమ్మట్లేదా షాలేమ్ గారూ?”

“అయ్యో మేడం, మిమ్మల్ని నమ్మకపోతే ఎవర్ని నమ్ముతం?”

భద్రాచలం గ్రౌండ్ గేటు దగ్గర స్కానర్ డోలును పరీక్షించి పచ్చలైటు వెలిగించింది. జరీలో ఉన్న లోహం దానికి జరీలాగే కనిపించింది. లక్షల మిషను కదా, అందం చూసి మోసపోవడం దానికీ తెలుసు. ఫ్లోరెన్స్ పెదవుల మీద చిన్న నవ్వు వచ్చి పోయింది.

గ్రౌండ్ చివర అడవిదున్న కొమ్ముల తలపాగాలు కట్టుకుని ఆటగాళ్లు తయారవుతున్నారు. వాళ్ల పెద్ద లచ్చయ్య మీసం దువ్వుకుంటూ, కుర్రవాళ్లను తిడుతూ, ఎండుగడ్డి మంట వేయిస్తున్నాడు. ఒక్కొక్క డోలూ మంట దగ్గరకు వస్తోంది. సెగ తగిలి తోలు బిగుస్తోంది. వేలితో కొట్టి చూసి పక్కన పెడుతున్నారు.

ఫ్లోరెన్స్ కొత్త డోలు అందించింది. అంచు చుట్టూ జరీ నెమళ్లు తళతళలాడాయి. లచ్చయ్య ముచ్చటపడి దాన్ని మంట వైపు తిప్పాడు.

“వద్దు తాతా!” ఆమె గొంతు కీచుమంది. వెంటనే సర్దుకుంది. “జరీ మాడిపోద్ది. అది అట్లనే వాయించండి.”

“మాడితె మాడనీ బిడ్డా. సెగ తగలని తోలు మోగుతదా? సచ్చిన బర్రెను కొట్టినట్టుంటది.” చుట్టూ నవ్వులు. “ఇంకో ముచ్చట. మా గూడెంల కొత్త డోలు ఎవలిచ్చిన్రో వాళ్లే తొలి సెగ చూపాలె. అది మా రివాజు. లేకపోతె నీ డోలు నువ్వే కొంటబో.”

డెల్వో ముఠా అన్నీ చదివింది. రాయబారుల ఇష్టాలు, కాన్వాయ్ రూటు, స్కానర్ మోడల్, అన్నీ. గూడెంవాళ్ల ఆటను ఫ్లోరెన్స్ హైదరాబాద్ స్టేజీల మీద ఎన్నోసార్లు చూసింది కూడా. తెర వెనక మంట దగ్గర ఏం జరుగుతుందో ఒక్కసారీ తొంగిచూడలేదు. ఆమె అడుగు వెనక్కి వేసింది. కాటుక కింద చెమట పట్టింది.

షాలేమ్‌కి అంతా అర్థమైంది. నవ్వొచ్చింది కూడా. పాడు నవ్వు.

“లచ్చయ్యా, మీవాళ్లందర్నీ తోలుకొని గోడవతలికి పో. జల్దీ.”

“ఏంది సారూ, ఏమైంది?”

“డోల్ల బాంబుంది.”

లచ్చయ్య ఇంకో మాట అడగలేదు. ఒక్క కేక వేశాడు. ఆటగాళ్లంతా గోడ దాటారు. షాలేమ్ ఫ్లోరెన్స్ రెండు చేతుల్నీ డోలుకు అదిమిపట్టి, మంట ముందుకు లాక్కెళ్లాడు.

“రివాజు మేడం. తొలి సెగ మీదే.”

“పిచ్చెక్కిందా! డిటోనేటర్ వేడికి పేలుద్ది! నువ్వూ పోతావ్!”

“పోతే ఆంథోని పక్కన సీటుంది.”

ఏ ఏజెంటయినా మొదట అడగాల్సింది బాంబు ఆపేదెలా అని. ట్రైనింగులో అదే నేర్పుతారు. షాలేమ్ అది అడగలేదు. తప్పే. అయినా అతనికి ఆ క్షణంలో రాయబారులూ గుర్తు రాలేదు, దేశమూ గుర్తు రాలేదు.

“ఆంథోనిని ఎవరు చంపిన్రు?”

“డెల్వో మనుషులు…”

డోలును మంటకు ఇంకొంచెం దగ్గరగా నెట్టాడు. నెమలి తోక కమిలింది.

“ఎవరు?”

“నేనే! తోలు మీద కుట్టింది చూశాడు! చూశాక ఎట్లా వదలను? నేనే పొడిచాను, చాలా!”

సారపాక వైపు నుంచి వంతెన మీద సైరన్లు మోగాయి. రాయబారుల కార్లు వచ్చేస్తున్నాయి. షాలేమ్ ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకొక్క నిమిషం ఇలాగే పట్టుకుంటే చాలు, పగ తీరిపోతుంది. అప్పుడే గోడ మీద కొమ్ముల తలపాగా ఒకటి పైకి లేచింది.

“సారూ!” లచ్చయ్య అరిచాడు. “నిన్నిడిసిపెట్టి మేం పోం. ఏదో ఒకటి తేల్చు!”

గోడ అవతల అందరూ అక్కడే ఉన్నారు. పేలితే ఆ మట్టిగోడ ఒక లెక్కా? షాలేమ్ పళ్లు కొరికాడు. డోలును మంట మీంచి వెనక్కి లాగాడు.

“ఎట్లా ఆపాలె?”

“ఎడమ నెమలి… కన్ను. ఆకుపచ్చ దారం. అది దారం కాదు, వైరు. జల్దీ కొయ్యి!”

డోలు లోపల సన్నగా బుసకొట్టిన చప్పుడు. షాలేమ్ కత్తి తీశాడు. నెమలి కన్ను తెగిపడింది. బుస ఆగింది. గేటులోంచి మొదటి కారు లోపలికి వచ్చింది.

“డెల్వో ఎక్కడ?”

“స్నానఘట్టాల దగ్గర… తెల్ల లాంచీలో. రిమోట్ అతని దగ్గరే ఉంది.”

రాయబారులు పూలదండలు వేయించుకుంటుండగా డెల్వో లాంచీలో కూర్చుని బటన్ నొక్కుతూనే ఉన్నాడు. షాలేమ్ పంపిన కమాండోలు భుజం తట్టేదాకా నొక్కాడట. గ్రౌండ్‌లో పాత డోళ్లు మోగాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు. రాయబారులు చప్పట్లతో తాళం వేశారు.

*

జీపు వెనక ఫ్లోరెన్స్‌కు బేడీలు వేస్తుంటే చీఫ్ ఫోన్ చేశాడు.

“శభాష్. కానీ ఆమెకు గీత పడకూడదు. ఢిల్లీ నిర్ణయం. రెండు నెలలు దాచి, తప్పించుకుందని చెప్పి మళ్లీ ముఠాలోకి పంపుతాం. ఇకనుంచి మన మనిషే.”

ఫోన్‌లోని మాటలు ఆమెకీ వినిపించాయి. కాటుక చక్కగా దిద్దుకుని నవ్వింది. “విన్నావా షాలేమ్? నాలాంటోళ్లను ఎవరూ పారేసుకోరు. ఆంథోనిలాంటోళ్లకే ఫొటోకు దండ.”

అతని పిడికిలి బిగిసింది. లేవలేదు. ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో పౌడర్ డబ్బా ఆకారంలో ఉన్న ట్రాన్స్‌మిటర్ కరకరలాడింది. విదేశీ గొంతు ఒకటి ఇంగ్లీషులో అడుగుతోంది: ఫ్లోరెన్స్, డెల్వో సిగ్నల్ లేదు, ఏం జరిగింది?

షాలేమ్ డబ్బా తెరిచి బటన్ నొక్కాడు. ఇంగ్లీషులోనే, వేంసూరు యాసతో, తీరిగ్గా చెప్పాడు.

“డెల్వో మా దగ్గరున్నాడు. లాంచీ అడ్రస్ ఇచ్చింది ఫ్లోరెన్స్ మేడమే. రెండేళ్లుగా మాకు చాలా హెల్ప్ చేసింది. రెండు నెలల్లో రిలీజ్ చేస్తున్నం, వచ్చి తీసుకెళ్లండి.”

ఆమె ముఖంలో రక్తం దిగిపోయింది. “నువ్వు… నువ్వు నన్ను చంపేశావు!”

“ఛ, ముట్టుకోలేదు. ఆర్డర్ ఉంది.”

అవతలివాళ్లు లైన్ కట్ చేశారు. ఫ్లోరెన్స్ మొదటిసారి నిజంగా ఏడ్చింది. కాటుక బుగ్గల మీదికి కారింది. షాలేమ్ ఆ ముఖాన్ని తృప్తిగా, సిగ్గులేకుండా, చాలాసేపు చూశాడు.

రెండు నెలల తర్వాత చీఫ్ ఫైల్‌ను బల్ల మీద విసిరికొట్టాడు. “పారిపొమ్మని తలుపు తెరిచిపెడితే ఆ మనిషి ఊచలు పట్టుకుని వేలాడిందయ్యా! జైలర్ కాళ్ల మీద పడి వద్దంటోంది!”

“పోనీలెండి సార్,” అన్నాడు షాలేమ్‌రాజు టీ ఊదుకుంటూ. “మన జైళ్లను మెచ్చుకున్నోళ్లు ఒక్కరన్నా దొరికిన్రు.”