నిన్న నడిచిన కాళ్ళు

ఆ ఉదయం బుల్లమ్మ నెత్తళ్ళ తట్టతో ఒడ్డు నుంచి ఇంటికి వచ్చేసరికి కోడలు ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది. భావనపాడు ఇసుకలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. ఈపాటికి మొదటి తట్ట చేపలు ఎండబోసి ఉండాలి.

"ఏటే దానమ్మా, ఇంకా లెగనేదా?"

"లెగిసినానత్తా. గుమ్మం దాటలేకపోతన్నాను. కుడికాలు పైకి రావట్లేదు."

బుల్లమ్మ తట్ట దించి కోడలిని ఎగాదిగా చూసింది. ఏడో నెల. ముఖం వాడలేదు, పాదాలకి నీరు పట్టలేదు. నిన్న సాయంత్రం కొడుకు లక్ష్ముడి తెప్ప ఒడ్డుకి చేరగానే ఇదే పిల్ల మొగుడికి ఎదురెళ్ళింది. కొత్త నైలాను వలలో తళతళలాడుతున్న చేపల్ని చూసి పకపకా నవ్వింది. బుల్లమ్మ తన కళ్ళతో చూసింది.

"నిన్న నడిసిన కాలే కదే?"

"అవునత్తా."

"మరి తెల్లారేసరికి ఏటైపోనాది?"

"తెల్దు," అంది దానమ్మ. పొత్తికడుపు కింద ముందువైపు ఎముక మీద చెయ్యి వేసి చూపించింది. తరవాత అదే చెయ్యి వెనక్కి, నడుము కిందకి పోనిచ్చింది. "ఈడా, ఈడా. ఎముకలు ఒకదాన్నొకటి రాసుకున్నట్టు ఉంటాది. పక్క మీద అటు తిరగాలంటే పేణం పోతాది."

బుల్లమ్మ ఐదుగురిని కన్నది. నడుము నొప్పి ఆమెకు తెలుసు, పురిటి నొప్పి తెలుసు. ఇది రెండూ కాదు. పోనీ పనిదొంగా అంటే, దానమ్మ పరాయి పిల్ల కాదు. బారువలో ఉన్న తన అన్న నూకయ్య కూతురు. పెళ్ళికి ముందు నిండు తట్ట నెత్తిన పెట్టుకుని సంతకి నడిచి వెళ్ళొచ్చిన పిల్ల. తల్లి లేదు కనక పురుడు తానే పోస్తానని బుల్లమ్మ అన్నకి మాటిచ్చింది.

ఆ వారంలో తలో మాటా చెప్పారు. "కూకోబెట్టకు, బిడ్డ అడ్డం తిరిగిపోతాది. నడిపించు," అంది పక్కింటి దేముడమ్మ. "కదలనీకు, తొంగోబెట్టు," అంది ఇంకో ముసలమ్మ. బుల్లమ్మ ఒకరోజు నడిపించింది, ఒకరోజు పడుకోబెట్టింది. నడిపించిన రోజు పిల్ల బాగానే ఉండేది. పడుకున్న రోజు లేవడానికే మూలిగేది. దాంతో నడకే మందు అనుకుంది. ఎముకలు సరిచేసే అసిరయ్యని పిలిస్తే, అతను కాళ్ళు రెండూ ఎడం చేసి లాగాడు. దానమ్మ పెట్టిన కేకకి వీధిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. తరవాత మూడు రోజులు గోడ పట్టుకుని కూడా నిలబడలేకపోయింది.

నాలుగో రోజు, "ఇయ్యేల బాగున్నాదత్తా, నానూ వస్తాను," అని తనంతట తానే చిన్న తట్ట ఎత్తుకుని అత్తతో నౌపడ దాకా నడిచింది. కబుర్లు చెబుతూ తిరిగొచ్చింది. బుల్లమ్మ గుండెల మీద బరువు దిగిపోయింది.

మర్నాడు దానమ్మ పక్క మీద నుంచి లేవలేదు.

ఆ రోజే చేప విపరీతంగా పడింది. బుల్లమ్మ ఒంటి చేత్తో ఉప్పెంతని వేస్తుంది, ఎంతని ఎండబోస్తుంది? మధ్యాహ్నానికి సగం చేప మెత్తబడి కంపు కొట్టింది. ఇంట్లోకి వచ్చేసరికి లక్ష్ముడు తనే గంజి వంచుకుని, పెళ్ళాం పక్కన కూర్చుని తినిపిస్తున్నాడు. బుల్లమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"నిన్న నౌపడ ఎల్లొచ్చినావు. ఇయ్యేల గుమ్మం దాకా రాలేవా? ఏ రోజు మాట నమ్మాలే నాను?"

"అమ్మా, అది అబద్ధం ఆడదే," అన్నాడు లక్ష్ముడు.

"అయితే నా కళ్ళు అబద్ధం ఆడినాయా? నీకు సూపించడానికో ఏసం, నాకు సూపించడానికో ఏసం!"

దానమ్మ గోడకి జరగబోయి బాధతో ఆగిపోయింది. "నాకే తెల్దత్తా. నాకు తెలిస్తే నీకు సెప్పనా? ఒకరోజు నా కాళ్ళు నా మాట ఇంటాయి, ఒకరోజు ఇనవు. ఏటి సెయ్యమంటావు?"

"మీ అయ్య ఇంటికి ఎల్లిపో. నా వల్ల కాదు!"

లక్ష్ముడు గిన్నె కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. బుల్లమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుంది. తను చేసింది తప్పో ఒప్పో ఎంత ఆలోచించినా ఆమెకి తేలలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఒడ్డుకి బయలుదేరింది. గాలి ఎదురుగా ఉంది, తెప్పలు ఆలస్యమవుతాయని ఎవరో అంటే సగం దారిలోనే వెనక్కి తిరిగింది. పెరటి తడిక దగ్గరికి వచ్చి టక్కున ఆగిపోయింది.

దానమ్మ చేతుల మీద, మోకాళ్ళ మీద పాకుతోంది. నీళ్ళ చెంబు ముందుకి ఒకసారి జరుపుతుంది, తను కాస్త జరుగుతుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. చేపల తొట్టె దాకా పాకి, దాని అంచు పట్టుకుని మోకాళ్ళ మీద లేచి, నిన్నటి చేపలకి ఉప్పు పట్టించసాగింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి గానీ నోటి నుంచి చప్పుడు లేదు.

పెరట్లో ఇంకెవరూ లేరు. ఎవరికి చూపించడానికి ఈ వేషం?

బుల్లమ్మ తడిక తోసుకుని వెళ్ళి కోడలి పక్కన కూలబడింది. "ఎన్నాళ్ళ నుంచే ఇలగ పాకుతన్నావు?"

దానమ్మ ఉలిక్కిపడింది. "పది రోజులైనాది. నువ్వు ఒడ్డుకెల్లినాక."

"నాకెందుకు సెప్పనేదు?"

"సెప్తే నమ్ముతావా? నాకే నా మీద నమ్మకం పోనాదత్తా. నిజంగా నొప్పేనా, నాను పనిదొంగనా అని నాకే అనుమానం వచ్చీసినాది."

బుల్లమ్మ కోడలి ఉప్పు చేతులు తన చేతుల్లోకి తీసుకుని చెంబులో నీళ్ళతో కడిగింది.

ఆ పూట చేపల్ని అలాగే వదిలేసి నౌపడ నడిచింది. అక్కడ పద్మకుమారి అని ఒక నర్సు ఉండేది. పిల్లలు పుట్టకుండా లూపు వేయించుకోమని ఊరూరా తిరుగుతుందని ఆవిడ కనబడితేనే పల్లెలో ఆడవాళ్ళు తలుపులు వేసుకునేవారు. బుల్లమ్మ కూడా వేసుకుంది. ఇప్పుడు ఆవిడ ముందే నిలబడి, "నర్సమ్మా, మా పిల్లని ఒకపాలి సూడు," అని బతిమాలింది.

పద్మకుమారి వచ్చి దానమ్మని మెల్లగా పరీక్ష చేసింది. "కటి ఎముకలకి ముందు ఒక అతుకు, వెనక రెండు అతుకులు ఉంటాయమ్మా. కడుపుతో ఉన్నప్పుడు అవి కాస్త వదులవుతాయి. కొందరికి ఇలా నొప్పి పెడతాయి. బిడ్డకి ఏ భయమూ లేదు."

"మరి ఒకరోజు బాగుండి ఒకరోజు బాగోదేటి?"

"ఇవాళ బాగుందని ఎక్కువ నడిస్తే ఆ నొప్పి రేపు పైకొస్తుంది. నువ్వు మోసపోయింది అక్కడే."

నర్సు గట్టి గుడ్డ ఒకటి అడిగి, పొట్ట కిందుగా తుంటి చుట్టూ బిగించి కట్టింది. పక్క మీద తిరిగేటప్పుడు మోకాళ్ళు రెండూ కలిపి ఒక్కసారే తిప్పమంది. మోకాళ్ళ మధ్య బట్టల మూట పెట్టుకుని పడుకోమంది. చీర కూర్చునే కట్టుకోవాలి, బరువులు ఎత్తకూడదు, కాళ్ళు ఎవరి చేతా లాగించకూడదు. దానమ్మ గుడ్డ పట్టుకుని నాలుగడుగులు వేసి, "కాస్త నయమే," అంది ఆశ్చర్యంగా.

"పూర్తిగా ఎప్పుడు తగ్గుతాది?" అంది బుల్లమ్మ.

"చాలామందికి పురుడయ్యాక తగ్గుతుంది. కొందరికి నెలలు పడుతుంది. ఈ పిల్లకి ఎన్నాళ్ళో నేను చెప్పలేను."

నర్సు వెళ్ళాక బుల్లమ్మ కోడలి కాళ్ళ దగ్గర కూర్చుంది. "ఎల్లిపో అన్నాను. ఆ మాట మనసులో ఉంచుకోకే. మా అన్నకి నా మొకం ఎలగ సూపించను?" అంటూనే భోరుమంది. దానమ్మ వంగలేక, చెయ్యి చాచి అత్త తల నిమిరింది.

పురుడు పద్మకుమారే పోసింది. కాళ్ళు ఎక్కువ ఎడం కాకుండా పక్కకి పడుకోబెట్టి, బుల్లమ్మ చేత పై మోకాలు పట్టించింది. ఆడపిల్ల పుట్టింది. మూడో నెలకి దానమ్మ ఒడ్డు దాకా నడిచింది. మర్నాడు మళ్ళీ కుంటింది. దేముడమ్మ నోరు తెరవబోతే, "దాని కాళ్ళ సంగతి దానికే తెలుస్తాది, నీకూ నాకూ కాదు," అని బుల్లమ్మ ఆమె నోరు అక్కడే కట్టేసింది.

నిజానికి ఆ నొప్పి లెక్క బుల్లమ్మకి ఇప్పటికీ అంతు పట్టలేదు. అందుకే రోజూ పొద్దున్నే, తట్ట ఎత్తకముందే అడుగుతుంది.

"ఇయ్యేల ఎలగున్నాదే?"

ఒకనాడు దానమ్మ పక్క మీద కూర్చుని, బిడ్డని ఒళ్ళో పెట్టుకుని, ఒక పాదం నేల మీద ఆనించి చూసుకుంది. "ఇంకా తెల్దత్తా," అంది బెరుకుగా.

బుల్లమ్మ వచ్చి కోడలి పక్కన కూర్చుని మనవరాలిని అందుకుంది.

"తెలిసీదాకా కూకో. నానూ కూకుంటాను."