నల్ల మట్టిలో నల్ల గింజలు

"అది కాదే కీర్తీ! చెడిపోయింది పడెయ్యమంటే చీపురు పడేస్తావేంది? ఆ దిండు పడెయ్!"

అమ్మ శ్యామల గుమ్మంలోంచి కేకేసింది. కీర్తి చేతిలోని పువ్వుల దిండును తిప్పి తిప్పి చూసింది. కొత్తదానిలాగే ఉంది. చీపురేమో సగం అరిగి నిండా బురద కొట్టుకుపోయింది.

"దిండు బాగానే ఉంది కదమ్మా?"

"లోపలంతా వాగు నీళ్లే. ఎంత ఎండబెట్టినా కంపు పోదు. చీపురు కడిగితే సరిపోద్ది."

కీర్తి బుర్ర గోక్కుంది. బుర్రకీ బురద అంటింది.

మొన్న వాగు పొంగి క్రోసూరు దగ్గరున్న వాళ్ల ఊళ్లో, వాళ్ల వీధిలోకి వచ్చేసింది. వరద తీసింది కానీ, బురద మాత్రం మొండి చుట్టంలా ఇళ్లల్లోనే తిష్ట వేసింది. బడికి సెలవిచ్చారు. వీధి వీధంతా కలిసి ఒక్కో ఇల్లూ వరసగా కడుగుతోంది. దావూద్ బాబాయ్ తన పొలం మోటారు తెచ్చి పైపుతో నీళ్లు కొడుతున్నాడు. కాలి వేళ్ల మధ్య నుంచి చల్లటి బురద జారుతుంటే కీర్తికి చక్కిలిగింతలు పెడుతోంది.

ఇప్పుడు పక్కింటి మార్తమ్మ వంతు. కీర్తి ఆమెను అమ్మమ్మా అనే పిలుస్తుంది. మార్తమ్మ మనవడు జీవన్, కీర్తి ఒకటే క్లాసు.

"మీరిద్దరూ గిన్నెలు తోమండి," అంది అమ్మ.

జీవన్ నీళ్లకు వెళ్లాడు. సబ్బు ఉంది, తోమడానికి పీచు లేదు. కీర్తి చుట్టూ చూసింది. వసారా దూలానికి పురికొసతో ఒక ఎండిన బీరకాయ వేలాడుతోంది.

"బీరపీచు!"

పీట ఎక్కి లాగింది. పెచ్చు ఒలిచింది. కాయ దులిపితే నల్లటి గింజలు జలజలా రాలి బురదలో పడ్డాయి. చెత్తే కదా అనుకుని కాలితో కలిపేసింది. ఇక తోమడం మొదలుపెట్టింది. తెల్లటి నురగ! స్టీలు గిన్నెలో తన మొహం! పొద్దుట్నుంచి ఈ ఒక్క పనే తనకు సరిగ్గా అర్థమైంది.

మార్తమ్మ వచ్చి మురిసిపోయింది. "నా తల్లే! గిన్నెలు అద్దాల్లాగా ఉన్నయ్." అంతలో ఆమె చూపు పీచు మీద పడింది. దూలం వైపు చూసింది. అక్కడ పురికొస ఒక్కటే ఊగుతోంది.

"ఇందులో గింజలేవమ్మా?"

"పారబోశా అమ్మమ్మా. ఎందుకు?"

"అయ్యో, అది విత్తనం కాయే!" నీళ్ల బకెట్ దించుతూ అరిచాడు జీవన్. "నాయనమ్మ ఏటా ఒక కాయ ముదరనిచ్చి అక్కడ కడతది!"

మార్తమ్మ తడి మెట్టు మీద కూర్చుండిపోయింది. "మా అమ్మ ఇచ్చిన విత్తనమే. ఏటేటా దాస్తన్నా." మళ్లీ పైకి చూసింది. "వరద కూడా దాన్ని అందుకోలేకపోయిందే."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గిన్నెలన్నీ మెరిసిపోతుంటే కీర్తికి ఏడుపెందుకొస్తోంది? మంచి పనే చేసింది కదా? కాదా?

"తప్పుకోండమ్మా, వసారాకు నీళ్లు కొడతన్నా!" దావూద్ బాబాయ్ పైపు ఎత్తాడు.

కీర్తి ఒక్క గెంతు గెంతి అడ్డంగా నిలబడింది. "బాబాయ్, కొట్టమాక!"

"ఏందే, బురద మీద అంత ప్రేమ?"

"అమ్మమ్మ విత్తనాలు ఇందులో ఉన్నయ్. నేనే పారబోశా."

బురద ఎత్తుతున్న వాళ్ల పారలు ఆగిపోయాయి. దావూద్ వెళ్లి మోటారు ఆపాడు. అమ్మ ఇంటికెళ్లి పిండి జల్లెడ తెచ్చింది.

అందరూ బురద చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మట్టి నలుపే, గింజలూ నలుపే. ఏది గింజో, ఏది మట్టిబెడ్డో! కీర్తి ఒక్కో ముద్దా నీళ్లలో కరిగించి జల్లించింది.

"దొరికింది!" అరిచాడు జీవన్.

"ఒరేయ్, అది మేక పెంటికరా!" అంది మార్తమ్మ. అంతసేపటికి ఆమె నవ్వింది.

పొద్దు వాలేసరికి కీర్తి గుప్పిట్లోకి కాసిని గింజలు వచ్చాయి. మార్తమ్మ వాటిని కొంగుతో తుడిచి చూసుకుంది. "చాల్లే. ఒక పాదుకు వస్తయ్."

మర్నాడు దావూద్ ఇంటి వంతు. మూలన బురదలో ఒక వంకర రేకు డబ్బా కనిపించింది. జీవన్ దాన్ని బయటికి విసరబోయాడు.

"ఆగరా!" కీర్తి డబ్బా లాక్కుని దావూద్ దగ్గరికి పరిగెత్తింది. "బాబాయ్, ఇది ఉంచాలా, పడెయ్యాలా?"

"చెత్తేనమ్మా, పడెయ్."

"ఇది నీదేనా?"

"కాదనుకుంటా. మీ పిన్నిదేమో."

"మరి నువ్వు చెబితే ఎట్టా?"

బురదలో టపటపమంటూ కీర్తి వంటింటి వైపు పరిగెత్తింది. "తస్లీమ్ పిన్నీ! ఇది ఉంచాలా, పడెయ్యాలా?"