టేపు చివరి మడత

మార్చి పదకొండు. ఆ తేదీ మరిదికి ఇప్పటికీ గుర్తే. మధ్యాహ్నం వదినా మరిదీ బ్రెడ్డు, ఉడికించిన గుడ్లు తింటున్నారు. వదిన రెండో గుడ్డు ఒలుస్తుండగా ఒక అమ్మాయి కవరు పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది.

వదిన బాగా పేరున్న ప్రైవేటు డిటెక్టివ్. లెక్కల మాస్టారుగా రిటైరైన మరిది ఆమెకు అసిస్టెంటు. ఆమె బుర్రంటే అతనికి వల్లమాలిన గౌరవం, నోరంటే భయం.

"కొలతలు కల్పించానటండీ. రేపట్నుంచి రావద్దని మా ల్యాబు హెడ్డుగారు నిన్న మొహమ్మీదే చెప్పారు. ఈ కవరు విప్పే ధైర్యం కూడా లేదు," అంది అమ్మాయి.

మరిదే విప్పాడు. అంటించిన టేపు చివర చిన్న చెవిలా మడిచి ఉంది. గోళ్లతో గీకే పనిలేకుండా లాగగానే ఊడింది. ఉద్యోగం తీసేసే ఉత్తరంలో కూడా విప్పేవాళ్ల వేళ్ల గురించి ఆలోచించారే అనుకున్నాడు.

అమ్మాయి పని సిలికాన్ చిప్పులో కాంతిని నడిపించడం. వెంట్రుకలో నూరో వంతు వెడల్పున్న దారులవి. లేజరు నుంచి సన్నని గాజుతీగ కాంతిని మోసుకొచ్చి చిప్పులోకి దింపుతుంది. ఆ కాంతి కంటికి కనబడదు. అటువైపు చేరిందో లేదో మీటరే చెప్పాలి.

"నిన్న పొద్దున కాంతి బ్రహ్మాండంగా వచ్చిందండీ. నేను భోంచేసి వచ్చేసరికి, ఈ పని చూడ్డానికి పిలిచిన అతిథులు వచ్చేశారు. మీటరు సున్నా చూపిస్తోంది. నన్ను గుమ్మంలోనే ఆపేశారు."

గంటలో ముగ్గురూ ల్యాబులో ఉన్నారు.

"ఈ బల్ల ఎవరు ముట్టుకున్నారు?" అడిగింది వదిన.

"సున్నా వచ్చాక లేజరు మార్చి చూశాను, మీటరు మార్చి చూశాను," అన్నాడు తోటి ఇంజనీరు. "తీగ జోలికి మాత్రం పోలేదు. ముట్టుకుంటే చెడగొట్టింది నువ్వేనంటారు."

స్టోర్సాయన భుజాలెగరేశాడు. "నా పని బీరువా వరకేనమ్మా. టేపు అడిగితే ఇస్తాను. తిరిగిచ్చినవాడు ఇంతవరకు పుట్టలేదు."

"ఎవరూ ముట్టుకోలేదు," అన్నారు హెడ్డుగారు. "ఇక్కడ క్రమశిక్షణ ఉంది."

"అయితే దెయ్యం ముట్టుకుంది. దాన్ని ఏ పోస్టులో వేసుకున్నారండీ?"

విసుగ్గా బల్ల మీదికి వంగింది వదిన. గాజుతీగ గుండ్రంగా, ముచ్చటగా చుట్టి ఉంది. నాలుగు కొత్త టేపు ముక్కలు. ప్రతిదాని చివరా చిన్న మడత. పక్కనే దుమ్ము పట్టిన పాత జిగురు మరక, వంకరటింకరగా.

"ఏమయ్యా, ఆ కవరు తే."

మరిది అందించిన కవరును తీగ పక్కన పెట్టింది.

"అమ్మాయీ, తీగ చుట్ట ఇలాగే వేశావా?"

"అయ్యో, కాదండీ! నాది వంకరగా ఉండేది. కాంతి ఒక వాలులో ఊగుతుంటేనే చిప్పు లోపలికి రానిస్తుంది. తీగ మెలి మారితే ఆ వాలు మారిపోతుంది. దాన్ని సరిచేసే పరికరం కావాలని ఏడాదిగా అడుగుతున్నాను. ఇవ్వలేదు. అందుకే మీటరు చూస్తూ చేత్తో మెలిపెట్టి టేపు వేస్తాను."

"వినిపించిందా? చెడిపోయింది చిప్పు కాదు, అబద్ధం కొలతలూ కావు. ఎవరో బల్ల సర్దారు. ఇదే మడత ఆ కవరు టేపుకీ ఉంది. హెడ్డుగారూ, కవరు అంటించిందెవరు?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "నేనే. అతిథులు చూస్తారని సర్దాను. బల్ల ముందు కూర్చుని పదేళ్లైంది, మర్చిపోయాను. సాయంత్రం అనుమానమొచ్చింది. అప్పటికే అందరి ముందూ అమ్మాయిని అనేశాను."

"ఒక్క మాట నోరు తెరిచి చెప్పడానికి నేను రావాలా?" వదిన తల పట్టుకుంది.

మడత దగ్గర పట్టి లాగితే టేపు తేలిగ్గా ఊడింది. అమ్మాయి పాత జిగురు మరక మీదే చుట్ట వంకరగా పరిచి, వేలితో కాస్త మెలిపెట్టింది. మీటరు ముల్లు లేచింది.

హెడ్డుగారు ఉత్తరం చింపేశారు. "అతిథులకు నా తప్పని ఇవాళే రాస్తాను. పరికరం కూడా తెప్పిస్తానమ్మా."

"ముందు బల్ల సర్దడం మానెయ్యండి సార్," అంది అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ.

చీకటి పడుతుండగా అందరూ బయటికొచ్చారు. హెడ్డుగారు దీపాలార్పి, బల్ల అదరకుండా తలుపును రెండు చేతులతో పట్టుకుని, చప్పుడు కాకుండా మూశారు.