పాత హాల్లో మూలిగేది ఎవరు?

ఆ పాత హాలు సంగతి ఎవరినడిగినా ముందు గొంతు తగ్గిస్తారు. పగలు బాగానే ఉంటుంది. చీకటి పడి, దీపాలు వెలిగి, తెర వెనక మైకు ఆన్ చేశారో — మొదలు. మ్‌మ్‌మ్... అని, గోడలో ఎవరో కడుపునొప్పితో పడుకున్నట్టు.

దాని పేరు మూలుగుడు ముసలమ్మ. ఎప్పుడో ఆ స్టేజీ మీదే, పాట మధ్యలో ప్రాణం విడిచిందట. అప్పట్నుంచీ ఎవరు పాడబోయినా ఓర్వలేదట. ఈ సంగతంతా అందరికీ చెప్పింది అక్కడ మైకులు పెట్టి, వైర్లకి టంకాలు వేసే సోల్డరు బావే.

ఒక రాత్రి అక్కడ పాడాల్సింది బావ వాళ్ళావిడ. ఇప్పటికే రెండుసార్లు ఆ మూలుగు విని, పాట మధ్యలో వదిలేసి వచ్చేసింది. ఇవాళా వినిపిస్తే జన్మలో పాడనని పొద్దున్నే తేల్చి చెప్పేసింది. బావకి గుండెల్లో రాయి పడింది. ఆ గొంతు వినే కదా ఏరి కోరి చేసుకున్నాడు.

తెర అవతల జనం సర్దుకుంటున్నారు. బావ మైకులన్నిటినీ కలిపే మిక్సర్ పెట్టె ఆన్ చేశాడు.

మ్‌మ్‌మ్...

"వచ్చేసింది," అంది ఆవిడ.

బావ పై ప్రాణాలు పైనే పోయాయి. నిలదొక్కుకోవడానికి మిక్సర్ రేకు మీద చెయ్యేశాడు.

మూలుగు తగ్గింది.

చెయ్యి తీశాడు... మ్‌మ్‌మ్. మళ్ళీ వేశాడు... తగ్గింది.

"ఏవండీ... అది మీ మాట వింటోంది."

"నా మాట కాదే. నా చెయ్యి."

దెయ్యానికి చేత్తో ఏం పని? బావకి ఎక్కడో చురుక్కుమంది. చెయ్యి తగిలితే తగ్గేది కరెంటు రొద. అన్నీ ఆపేసి, మిక్సర్ నుంచి వైరు పట్టుకుని మోకాళ్ళ మీద పాక్కుంటూ పెద్ద ఆంప్లిఫయర్ వెనక్కి చేరాడు. ప్లగ్గు మూత విప్పాడు. లోపల పసుపు టేపు చుట్టి ఉంది. అలా చుట్టేవాడు ఊరు మొత్తానికి తనొక్కడే.

పిన్నులు మూడు. మిక్సర్ నుంచి వచ్చిన తీగలు రెండే — ఒకటి పాటది, ఒకటి ఎర్త్‌ది. మూడో పిన్ను ఖాళీ.

ఆ ఆంప్లిఫయర్ పాట పిన్నునీ, ఈ మూడో పిన్నునీ పోల్చి చూసి, రెండింట్లోనూ ఒకేలా వచ్చిన కరెంటు రొదని అవతల పారేస్తుంది. ఒక పిన్ను గాలికి వదిలేస్తే దేంతో పోల్చుకుంటుంది పాపం? దొరికిన రొదంతా పట్టుకుని మూలుగుతుంది.

బావ ఎర్త్ తీగని ఆ ఖాళీ పిన్నుకి కూడా కలిపి టంకం వేశాడు. వచ్చి మళ్ళీ అన్నీ ఆన్ చేశాడు.

ఏమీ లేదు. చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం.

"పోయిందా?" ఆవిడ మైకు దగ్గరికొచ్చి గుసగుసగా అడిగింది.

"పోయింది."

"ఆ వైరు చేసిందెవరు?"

"నేనే," అన్నాడు నెమ్మదిగా. "అయిదేళ్ళ కిందట. మూడో పిన్ను మనకెందుకులే అని వదిలేశా."

"మరి ఆ ముసలమ్మ?"

"వైరు నాది కాబట్టి తప్పు వైరుది కాదనుకున్నా. ఇక మిగిలింది దెయ్యమే కదా."

"పాట మధ్యలో చచ్చిపోవడం?"

"జనం ఎలా చచ్చిందని అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదే... ఎవరితో అనకు, పరువు పోతుంది."

తెర అవతల ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకొకరు. అంతే, హాలు హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

మైకు ఆన్‌లోనే ఉంది. అయిదేళ్ళుగా అది మూలిగితేనే ఆన్‌లో ఉన్నట్టు లెక్క ఆ మొగుడూ పెళ్ళాలకి.

ఆవిడ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వింది. తెర తియ్యమని సైగ చేసి, ఆ నవ్వుతోనే పాట ఎత్తుకుంది. బావ పక్కన స్టూలు మీద కూలబడి చివరిదాకా విన్నాడు. తల మాత్రం ఎత్తలేదు.